ఆ దీపం వెలుగుతోందా?

మేనమామ పోలిక మేనల్లుడికి వస్తుందని లోకంలో గట్టి నమ్మకం. ముక్కు, నడక, అలిగే గుణం, నిద్రలో గొణిగే అలవాటు, ఏది కనిపించినా పక్కనున్న పెద్దవాళ్ళు వెంటనే మేనమామకు అంటగడతారు. ఇలాంటి నమ్మకాలను పరీక్షకు పెట్టేవాళ్ళు అరుదు. పెడితే నిలిచేవి ఇంకా అరుదు. అయితే ఈ నమ్మకంలో కంటికి సంబంధించిన ఒక చిన్న భాగాన్ని, ఒక మంగళవారం ఉదయం, ఒక గూఢచారి శాఖ యంత్రం పెట్టి పరీక్షించవలసి వచ్చింది. పరీక్ష తప్పితే చచ్చేది ముప్పై ఒక్కమంది.

అంతకు ముందురోజు చీఫ్ ఏజెంటును పిలిపించాడు. ఏజెంటుకు శాఖలో కొలబద్ద అని పేరు. ఎవరేం చెప్పినా "కొలిచారా?" అని అడుగుతాడు కనుక ఆ పేరు వచ్చింది.

"కూర్చో, కొలబద్దా," అన్నాడు చీఫ్. ఆయన ముందు ఫైలు లేదు. ఈ పనికి ఫైలు తెరవలేదు. "మాస్టారు తెలుసుగా?"

"తెలుసు సార్. సరిహద్దు అవతల మనకోసం పనిచేసేవాళ్ళ పేర్లన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు."

"ముప్పై ఒక్క పేర్లు. పదేళ్ళ క్రితం ఒక పదకొండు పేర్లు కాగితం మీద పెట్టాం. ఆ కాగితం ఈ ఆఫీసులోంచే బయటికి పోయింది. పదకొండు మందీ పోయారు. అప్పటినుంచి మాస్టారికి మన మీద నమ్మకం పోయింది. ఇప్పుడు ఆయన గుండె మీద డాక్టర్లకు నమ్మకం పోయింది. పేర్లు ఎవరికైనా అప్పజెప్పండి మహాప్రభో అంటే, 'మీకు చెప్పను, నా రక్తానికి చెబుతాను' అని భీష్మించుకు కూర్చున్నాడు."

"ఆయనకు రక్తం ఎవరున్నారు?"

"ఒక్కతే చెల్లెలు. సరిహద్దు అవతల కాపురం. కొడుక్కి రెండేళ్ళు వచ్చేదాకా ఉత్తరాలు రాసింది. ఆ తర్వాత అక్కడివాళ్ళు రాయనివ్వలేదు. పోయినేడు ఆవిడ చనిపోయింది. ఈ నెలలో ఆ కొడుకు దిగాడు. తల్లి చేతిరాత చూపిస్తున్నాడు, ఇంటి ముచ్చట్లు, చిన్నప్పటి పాటలు, అన్నీ చెబుతున్నాడు. మాస్టారు కరిగి నీరైపోయాడు. రేపు పదకొండు గంటలకు పేర్లు చెప్పేస్తాడు."

"రక్తపరీక్ష చేశారా?"

"చేశాం. సరిపోయింది."

"రక్తం సీసా ఎన్ని చేతులు మారింది?"

చీఫ్ ముఖం చిట్లించాడు. "మూడు."

"సీసా చేతులు మారుతుంది సార్. కన్ను మారదు. మాస్టారికి రంగులు సరిగా తెలియవు కదా?"

"ఆయనకీ, వాళ్ళ నాన్నకీ, చెల్లెలికీ తెలియవు. ఈ కుర్రాడికీ తెలియవు. చుక్కల అట్టలు చూపించాం. ఒక్క అంకె చదవలేకపోయాడు."

"చదవలేకపోయాడో, చదవనని చెప్పాడో? అట్ట పరీక్షలో జవాబు నోట్లోంచి వస్తుంది. నోటికి తర్ఫీదు ఇవ్వొచ్చు. నోటిని అడగకుండా రెటీనానే అడిగే పరీక్ష ఉంది. దాంట్లో బుకాయింపు కుదరదు." కొలబద్ద ముందుకు వంగాడు. "ఈ లోపం మగవాడికి తల్లి నుంచే వస్తుంది. ఆ జన్యువుకు ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి ఉన్న తల్లి అయితే కొడుక్కి ఏది దక్కుతుందో చెప్పలేం. మాస్టారి చెల్లెలికి తనకే రంగులు తెలియవంటే ఆవిడ దగ్గరున్న రెండు ప్రతులూ చెడినవే. కొడుక్కి మంచిది ఇద్దామన్నా ఆవిడ దగ్గర లేదు. అంచేత నిజమైన కొడుక్కి లోపం ఉండి తీరాలి. లేకపోతే వాడు దొంగ."

"ఉంటే?"

"ఎంత ఉందో కొలవాలి."

"నువ్వు మనిషివి కావయ్యా," అన్నాడు చీఫ్.

ఆ మధ్యాహ్నమే కొలబద్ద ఆసుపత్రి నేలమాళిగలోని యంత్రం ముందు మాస్టారిని కూర్చోబెట్టి, మూడో మనిషి లేకుండా తానే కొలిచాడు. వచ్చిన అంకె ఐదు పాయింట్ ఎనిమిది. ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించలేదు.

*

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు నీలం డంగరీ తొడుక్కుని, భుజాన పనిముట్ల సంచీ వేసుకుని మెకానిక్ ఒకడు నేలమాళిగలోకి దిగాడు. మణికట్టు మీద పాత గడియారం. దగ్గరలో ఎక్కడైనా ట్రాన్స్‌మిటర్ పనిచేస్తే ఆ గడియారం చర్మాన్ని సన్నగా గిచ్చుతుంది. లిఫ్టు మోటారు దగ్గర కూడా గిచ్చుతుంది కనుక కొలబద్ద దాన్ని సగమే నమ్ముతాడు.

డాక్టరమ్మ అప్పటికే వచ్చింది. ఆరు నెలల క్రితం ఈ ఆసుపత్రిలో చేరిన మనిషి. పొడగరి. తెల్లకోటు మీద పట్టు స్కార్ఫు, చెవులకు భుజాలు తాకే లోలకులు, ఆవిడ వెళ్ళిపోయాక కూడా గదిలో కాసేపు నిలిచే సెంటు. ఆవిడ నడిచొస్తుంటే వార్డుబాయిలు స్ట్రెచర్లు గోడలకు గుద్దుతారని ఆసుపత్రిలో చెప్పుకుంటారు.

"ఏమయ్యా మెకానిక్, యంత్రానికి జబ్బు చేసిందా?"

"లేదు మేడమ్. దానికీ ఒక వైద్యుడు పక్కనుండాలని పంపించారు."

ఆవిడ అతన్ని తలనుంచి బూట్లదాకా ఒకసారి చూసి నవ్వింది. గోడ మీద అతికించిన రూలు ప్రకారం ప్రతి ఉదయం యంత్రం నడిపేవాళ్ళు ముందు తమ కన్నే కొలుచుకోవాలి. డాక్టరమ్మ కింది రెప్ప వెంబడి వెంట్రుకంత వెండి దారం ఆనించుకుని, బోర్లించిన తెల్లటి గిన్నెలాంటి గుంటలో తల పెట్టింది. లోపల ఎర్ర వెలుగు, పచ్చ వెలుగు ఒకదాని తర్వాత ఒకటి, సెకనుకు ముప్పై సార్లు. చూసేవాళ్ళు పెదవి విప్పనక్కర్లేదు. వెలుగు మారినప్పుడల్లా రెటీనాలో పుట్టే విద్యుత్తును వెండి దారం పట్టుకుంటుంది. కాగితం మీద గీత ఎగిరెగిరి పడుతుంది. యంత్రం ఎరుపును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ఒకచోట రెండు వెలుగులూ ఆ కంటికి సమానమై గీత చదునవుతుంది. అక్కడ ఎరుపు ఎంత కావలసివచ్చిందో అదే అంకె. మామూలు కంటికి ఒకటి.

డాక్టరమ్మ అంకె ఒకటి పాయింట్ ఏడు.

"యంత్రం తప్పు చూపిస్తోంది మేడమ్."

"నిన్న బల్బు మార్చారు. పట్టించుకోకు."

పట్టించుకోకుండా ఉండటం కొలబద్దకు చేతకాని పనుల్లో మొదటిది. ఆవిడ అల్మారా వైపు తిరిగేసరికి తన కన్ను పెట్టాడు. ఒకటి పాయింట్ సున్నా. మళ్ళీ పెట్టాడు. ఒకటి పాయింట్ సున్నా. యంత్రం సరిగానే ఉంది.

తలుపు తెరుచుకుని చీఫ్, వెనకాల మేనల్లుడు వచ్చారు. ముప్పై ఐదేళ్ళ మనిషి. గుండ్రటి ముఖం, మందపాటి కాడల కళ్ళజోడు, ఎదుటివాడు నవ్వకముందే నవ్వే పెదవులు.

"మామయ్య కోసం ఏ పరీక్షకైనా సిద్ధమే. కుట్లు మాత్రం వెయ్యకండి డాక్టరుగారూ," అన్నాడు.

"కళ్ళు తెరిచి ఊరుకో బాబూ, చాలు," అంది ఆవిడ.

కళ్ళజోడు తీసి పక్కన పెట్టించారు. దారం ఆనించారు. వెలుగులు ఆడాయి. ఎగిరిపడుతున్న గీత మెల్లగా చదునైంది. పాయింట్ ఆరు.

డాక్టరమ్మ ఫారం తీసింది. ఫారంలో రెండే గళ్ళున్నాయి: లోపం ఉంది, లోపం లేదు. ఆవిడ ఉంది అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది. "పుట్టుకతో వచ్చినదే. నటన కాదు. ఎవరొచ్చి కొలిచినా ఇదే వస్తుంది."

చీఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. "పద బాబూ, మీ మామయ్య ఎదురుచూస్తున్నాడు." ఇద్దరూ లిఫ్టు ఎక్కారు.

కొలబద్ద చీటీ చింపి చేతిలోకి తీసుకున్నాడు. జేబులోంచి రెండో చీటీ తీసి పక్కన పెట్టాడు. పాయింట్ ఆరు. ఐదు పాయింట్ ఎనిమిది.

రంగులు తెలియనివాళ్ళందరూ ఒకటే అనుకోవడం లోకం చేసే పొరపాటు. ఎరుపు-పచ్చ తేడా తెలియనివాళ్ళలోనే రెండు జాతులున్నాయి. ఒక జాతికి ఎరుపును పట్టే కణమే ఉండదు. వాళ్ళ కంటికి ఎర్ర వెలుగు ఆరిపోయిన బొగ్గు. రెండో జాతికి కరువైనది పచ్చను పట్టే కణం. ఎరుపు వాళ్ళకు వెలుగుగా బాగానే కనిపిస్తుంది, అది ఏ రంగో మాత్రం తేలదు. అట్టల ముందు ఇద్దరూ దాదాపు ఒకేలా తడబడతారు. యంత్రం ముందు అన్నదమ్ములు కూడా కారు. మాస్టారిది మొదటి జాతి. చెల్లెలిదీ అదే అయి తీరాలి, ఆమె కొడుకుదీ అదే అయి తీరాలి. ఇప్పుడు లిఫ్టులో పైకి వెళ్ళినవాడు రెండో జాతి.

గోడ గడియారం పదీ యాభై రెండు చూపిస్తోంది. కొలబద్ద మెట్ల వైపు పరుగెత్తాడు.

*

మూడో అంతస్తులో, మాస్టారి గది బయట వరండాలో చీఫ్ సిగరెట్టు వెలిగించుకోబోతున్నాడు.

"సార్, ఆపండి. వాడు మేనల్లుడు కాడు."

"లోపం ఉందా, లేదా?"

"ఉంది. కాని ఆ లోపం కాదు."

"రంగులు తెలుస్తాయా, తెలియవా?"

"తెలియవు."

"మరి?"

"కుంటివాళ్ళందరిదీ ఒకే కాలు కాదు సార్! మాస్టారిది ఎడమ కాలు, వీడిది కుడి కాలు!"

చీఫ్ సిగరెట్టు కింద పడింది. "మాస్టారు గడియ లోపల్నుంచి వేసుకున్నాడు. మైకులు వద్దన్నాడు, కాపలా వద్దన్నాడు. ఇది ఉక్కు తలుపయ్యా."

మణికట్టు చురుక్కుమంది. లిఫ్టు కింద ఆగి ఉంది. లోపల ట్రాన్స్‌మిటర్ పనిచేస్తోందన్నమాట. మాస్టారి నోట పేరు రావడం, సరిహద్దు అవతల ఎవడో దాన్ని రాసుకోవడం ఒకేసారి జరుగుతాయి. కొలబద్ద తలుపుకు చెవి ఆనించాడు.

"అమ్మ ఆఖరి రోజుల్లో నన్ను తలుచుకునేదా?" ముసలి గొంతు.

"మా అన్నయ్య, మా అన్నయ్య అని ఒకటే కలవరింత మామయ్యా."

"సరేరా అబ్బాయీ. రాసుకోకు. ఒక్కసారే చెబుతా. మొదటివాడు రేవులో పనిచేస్తాడు. వాడి పేరు..."

కొలబద్ద తలుపు మీద దబదబా బాదాడు.

వాడు దొంగ అని అరిస్తే, లోపలున్నవాడు ముసలాయన పీక పట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు. పైగా మాస్టారు ఈ ఆఫీసు మాట నమ్మడు. ఆయన నమ్మేది ఒక్కటే ఉంది: ఆయన కన్ను.

"మాస్టారూ! కొలబద్దని. తలుపు తియ్యక్కర్లేదు."

"నోరు మూసుకుని ఉండటమే మీ ఆఫీసు నాకు చెయ్యగలిగిన సాయం నాయనా. పో."

"ఒక్క మాట. తలుపు పైన పొగ పసిగట్టే డబ్బా ఉంది. దాని దీపం వెలుగుతోందో లేదో చెప్పండి. ఆరిపోయి ఉంటే గది ఖాళీ చేయించాలి. ఆసుపత్రి రూలు."

పొద్దున ఆ గది అంగుళం అంగుళం వెతికినవాడు అతనే. దీపం వెలుగుతోందని అతనికి తెలుసు. ఆవగింజంత దీపం, ముదురు ఎరుపు.

"కొంపలంటుకున్నా మీకు రూళ్ళే ముఖ్యం," అని గొణిగాడు మాస్టారు. కాసేపటికి, "నాకేం కనిపించడంలేదు. ఆరిపోయినట్టుంది. ఒరేయ్ అబ్బాయీ, నువ్వు చూడు."

"ఆరిపోలేదు మామయ్యా, శుభ్రంగా వెలుగుతోంది." నవ్వు వినిపించింది. "ఏ రంగని మాత్రం నన్నడక్కు!"

లోపల కుర్చీ కిర్రుమంది. వరండా చివర ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు.

"నీ కళ్ళు కుర్ర కళ్ళు కదరా," అంది ముసలి గొంతు, ఏమీ జరగనట్టు. "నాకైతే నమ్మకం కుదరడంలేదు. దగ్గరికెళ్ళి చూస్తాలే. ఆ మొదటివాడి సంగతి చెబుతున్నాను కదూ... వాడికి ఇద్దరు పిల్లలు... పెద్దది చదువుకుంటోంది..."

చేతికర్ర నేల మీద టక్కు, టక్కుమంది. తలుపు దాకా వచ్చింది. గడియ కదిలింది.

"మామయ్యా, తలుపెందుకు..."

కొలబద్ద భుజంతో తోశాడు. మేనల్లుడి ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు, చేతిలో పెన్ను ఉంది. పెన్ను చివర పాళీ ఉండవలసిన చోట సూది ఉంది. వాడు ముసలాయన మెడ మీదికి దూకాడు. కొలబద్ద మధ్యలో చెయ్యి పెట్టాడు. సూది డంగరీ చేతిగుడ్డను మాత్రం చీల్చి, గడియారం అద్దానికి తగిలి విరిగింది. మరుక్షణం చేతికర్ర గాలిలో లేచి వాడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వరండాలోకి వినిపించింది.

"చెల్లెలి కొడుకైతే కొట్టేవాణ్ణి కాదు," అన్నాడు మాస్టారు, రొప్పుతూ.

కళ్ళజోడు ఎడమ కాడలో ట్రాన్స్‌మిటర్ దొరికింది. దానిగుండా పోయినది రేవు అన్న ఒక్క మాట, ఇద్దరు పిల్లలు అన్న ఒక అబద్ధం. మొదటివాడికి పెళ్ళే కాలేదు.

*

కొలబద్ద నేలమాళిగకు దిగి చూస్తే డాక్టరమ్మ పారిపోలేదు. లోలకులు తీసి బల్ల మీద పెట్టుకుని, యంత్రం ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఆయన బతికే ఉన్నారా?" అంది.

"ఉన్నారు. మేడమ్, ఆ ఒకటి పాయింట్ ఏడు బల్బుది కాదు."

"ఎప్పుడు తెలిసింది?"

"నా కన్ను పెట్టినప్పుడు. ఎరుపు కణం లేని జాతి లోపాన్ని తండ్రి నుంచో తల్లి నుంచో మోస్తూ, తాను మాత్రం రంగులు చూడగల స్త్రీకి ఎరుపు ఒక్కోసారి కాస్త మసకగా ఉంటుంది. యంత్రానికి మాత్రమే తెలిసేటంత. రంగులు తెలియని తల్లికి పుట్టిన ప్రతి కూతురూ దాన్ని మోయవలసిందే."

ఆవిడ స్కార్ఫు అంచు వేలికి చుట్టుకుంది. "మా అన్నయ్య, అసలు మేనల్లుడు, ఆరేళ్ళకే జ్వరంతో పోయాడు. ఉత్తరాలు ఆగిపోయాక పుట్టాను నేను. నేనొకదాన్ని ఉన్నానని మామయ్యకు తెలియదు. నన్ను చదివించింది అవతలివాళ్ళే, ఇక్కడికి పంపిందీ వాళ్ళే. అన్నయ్య వేషం వెయ్యడానికి రంగులు తెలియనివాణ్ణి వెతికి పెట్టమన్నారు. ఏ జాతి అని అడగలేదు. వాళ్ళకు అందరూ ఒకటే."

"మీరు చెప్పలేదు."

"వాళ్ళు అడగలేదు. ముగ్గురు దొరికారు. ఇద్దరికి మామయ్య కన్నే. మూడోవాణ్ణి ఎంచాను."

"నేరుగా వచ్చి మాతో చెప్పవలసింది."

"ఎవరితో? రక్తం సీసా మార్చినవాడు మీ ఆఫీసులో ఉన్నాడు. ఎవడో నాకూ తెలియదు. ఫోను చేస్తే వాడే ఎత్తితే? అందుకే కొలిచేవాడు వచ్చేదాకా ఆగాను."

"మెకానిక్ కొలుస్తాడని ఎలా అనుకున్నారు?"

"మెకానిక్ బూట్లకు పాలిష్ ఉండదండీ," అని నవ్వబోయి ఆగింది. "మీరు నిజంగా కొలవకపోయి ఉంటే ఏం చేసేదాన్నో అడక్కండి. మెట్ల మీద మీ వెనకే ఉన్నాను. తలుపు తెరుచుకున్నాక దిగిపోయాను."

కొలబద్ద మళ్ళీ మూడో అంతస్తుకు ఎక్కి అంతా మాస్టారికి చెప్పాడు. ముసలాయన కిటికీ వైపు తిరిగి చాలాసేపు విన్నాడు.

"అంటే అది నా మేనకోడలా?"

"అలా అనలేను. ఆవిడ ఆ జాతి లోపాన్ని మోస్తోందని యంత్రం సూచిస్తోంది, అంతే. అలాంటివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. రక్తం మళ్ళీ తీయించి, ఈసారి సీసా నా చేత్తో మోసుకెళతాను."

"చెల్లెలి కూతురని తేలితే నమ్మొచ్చా?"

"అది వేరే ప్రశ్న. రక్తం ఎవరిదో చెప్పే పరీక్ష ఉంది. మనిషి ఎలాంటిదో చెప్పే పరీక్ష లేదు. నన్నడిగితే ఆగమంటాను."

చీఫ్ తల ఊపాడు. "అవును మాస్టారూ. ఆగండి."

"మీకేం నాయనా, ఆగడానికి బోలెడు గుండె ఉంది." ముసలాయన కుర్చీలోకి ఒరిగాడు. "డెబ్భై ఏళ్ళ నుంచి ఎర్ర దీపం వెలిగిందో ఆరిందో పక్కనున్నవాణ్ణి అడిగి వీధి దాటుతున్నాను. నిజం చెప్పేవాడెవడో, ఆటపట్టించేవాడెవడో గొంతు వింటే తెలుస్తుంది. ఒకసారి పొరపాటు పడ్డాను, ఇవాళ. రెండోసారి పడతానేమో చూద్దాం. అమ్మాయిని పిలు."

"సార్, కొలవకుండా..."

"పిలవయ్యా కొలబద్దా. తలుపు దగ్గర నిలబడకు."

పన్నెండూ ఐదుకు గడియ పడింది. పన్నెండూ యాభైకి తీశారు. పదకొండో రోజున మాస్టారు నిద్రలో పోయాడు. రక్తపరీక్ష రిపోర్టు ఆ మర్నాడు వచ్చింది: మేనకోడలే. సీసా మార్చిన గుమాస్తాను నాలుగో నెలలో పట్టుకున్నారు.

ఏడాది తర్వాత కొలబద్ద ఆ ముప్పై ఒక్కమంది క్షేమసమాచారం కనుక్కున్నాడు. ముప్పై మంది క్షేమం. ఒకరు మరణించారు. వయసు ఎనభై నాలుగు, కారణం గుండెపోటు.